చిన్న సాఫ్ట్‌వేర్ వ్యాపారానికి సెర్చ్ ప్రకటనలు: పదమూడేళ్ళు వాడిన తర్వాత ఒక సమీక్ష

బార్‌కోడ్ లేబుళ్ళను డిజైన్ చేసి ముద్రించుకునే ఒక డెస్క్‌టాప్ సాఫ్ట్‌వేర్‌ను తయారుచేసి అమ్మడం నా జీవనోపాధి. ప్రోగ్రాం రాసేది నేను, కొన్నవారి సందేహాలు తీర్చేది మరొకరు. మా సంస్థ అంతా ఇంతే. ఈ సాఫ్ట్‌వేర్ కావలసినవారిని వెతికిపెట్టే పనిని 2011 నుంచి సెర్చ్ ప్రకటనల సేవలకు అప్పగిస్తూ వచ్చాను. ఎవరైనా సెర్చ్ పెట్టెలో ఫలానా మాటలు టైపు చేసినప్పుడు ఫలితాల పైన మన ప్రకటనను చూపించి, దాన్ని నొక్కితేనే డబ్బు తీసుకునే సేవలివి. నేను రెండు సేవలు వాడాను. నా ఫిర్యాదులు ఈ తరహా సేవ నడిచే పద్ధతి మీదే కాబట్టి వాటి పేర్లు చెప్పడం లేదు.

నా తీర్పు ముందే చెప్తాను. కొత్త సాఫ్ట్‌వేర్‌కు మొదటి కొద్దిమంది కొనుగోలుదారులను తెచ్చుకోవడానికి, అంతకంటే ముఖ్యంగా వాళ్ళు తమ అవసరాన్ని ఏ మాటల్లో చెప్పుకుంటారో తెలుసుకోవడానికి ఈ సేవ ఇప్పటికీ పనికొస్తుంది. వ్యాపారాన్ని ఏళ్ళ తరబడి దీని మీదే నిలబెట్టుకోవాలనుకునేవారికి మాత్రం లాభం ఏటేటా కరిగిపోతుంది. ఆ కరగడానికి వ్యాపారి చేతకానితనం కారణమని చాలామంది చెప్తారు, నేను కూడా చాలాకాలం అలాగే నమ్మి నన్ను నేను తప్పుపట్టుకున్నాను. లెక్కలు దగ్గరగా చూసిన కొద్దీ అసలు కారణం సేవ నిర్మాణంలోనే ఉందని అర్థమైంది.

మొదట్లో ఈ పద్ధతి ఎంత మేలు చేసిందో చెప్పకపోతే అన్యాయమవుతుంది. మాటల కోసం వ్యాపారులు పోటీపడి, నొక్కినందుకే చెల్లించే విధానాన్ని 1998లో గోటూ అనే సంస్థ పెద్ద ఎత్తున నడిపింది. అదే తర్వాత ఓవర్చర్ అయి, 2003లో యాహూ చేతికి వచ్చింది. గూగుల్ తన ప్రకటనల సేవ యాడ్‌వర్డ్స్‌ను 2000 అక్టోబరులో ప్రారంభించి, 2002లో క్లిక్కుకు ధర కట్టే వేలం పద్ధతికి మారింది. అంతకుముందు పత్రికలో చిన్న ప్రకటన వేయాలన్నా ఆ పత్రిక పాఠకులందరికీ చేరే ఖర్చు భరించాల్సి వచ్చేది. లేబుళ్ళు ముద్రించుకోవాలనుకునే మనిషి వాళ్ళలో ఒకరో ఇద్దరో ఉంటారు. సెర్చ్ ప్రకటన వచ్చాక, సరిగ్గా ఆ అవసరం కలిగిన నిమిషంలో సరిగ్గా ఆ మనిషి ముందు నిలబడే అవకాశం మా వంటి ఇద్దరు మనుషుల సంస్థకు కూడా దక్కింది. మా మొదటి రెండేళ్ళ కొనుగోలుదారుల్లో ఎక్కువమంది ఆ దారిలో వచ్చినవారే. ఆ కృతజ్ఞత నాకు ఇప్పటికీ ఉంది.

ఇక లాభం ఎలా తరుగుతుందో చూద్దాం. కరెన్సీ ఏదైనా లెక్క ఒకటే కాబట్టి సాఫ్ట్‌వేర్ ధరను 100 అనుకుందాం. చెల్లింపుల సంస్థ తీసుకునే కమిషన్, వాపసు ఇచ్చే సొమ్ము, కొన్నవారికి అందించే సాంకేతిక సహాయం కలిపి 20 పోతే చేతిలో 80 మిగులుతుంది. ప్రకటన నొక్కి మన సైటుకు వచ్చినవారిలో నూటికి ఒకరు కొంటారనుకుంటే, ఒక క్లిక్కుకు 0.80 దాటి చెల్లిస్తే నష్టమే. క్లిక్కు 0.25కు దొరికిన రోజుల్లో ఒక అమ్మకానికి ప్రకటన ఖర్చు 25, మిగులు 55. క్లిక్కు ధర 0.50కు పెరిగి, అదే సమయంలో కొనేవారు నూట పాతికకు ఒకరికి తగ్గారనుకోండి. అమ్మకానికి ఖర్చు 62.50, మిగులు 17.50. ఒక ధర రెట్టింపైంది, ఒక రేటు ఐదో వంతు తగ్గింది. లాభం మాత్రం మూడో వంతుకు పడిపోయింది. ఏ ఒక్క మార్పూ విడిగా చూస్తే పెద్ద ప్రమాదంగా కనిపించదు, రెండూ కలిస్తే వ్యాపారమే కుదేలవుతుంది.

ధర ఎందుకు పెరుగుతుందన్నది అసలు ప్రశ్న. వేలంలో వస్తువు ధరను నిర్ణయించేది మన స్తోమత కాదు, దాన్నుంచి అందరికంటే ఎక్కువ సంపాదించగలిగినవారి స్తోమత. అదే లేబుళ్ళ పనిని నెలవారీ చందా మీద అందించే మరో సంస్థ ఉందనుకుందాం. దాని చందా ఏడాదికి 60, ఒక ఖాతాదారు సగటున నాలుగేళ్ళు ఉంటారు, మొత్తం 240. ఖర్చులు 50 పోను 190 మిగులుతుంది. వారికి కూడా నూటికి ఒకరే చేరితే, ఒక క్లిక్కుకు 1.90 దాకా వారు నష్టం లేకుండా చెల్లించగలరు. వారు 1.20 పాడితే ఒక ఖాతాదారు మీద ఇంకా 70 మిగులుతుంది, నేను 0.80 దగ్గరే ఆగిపోవాలి. వారి ప్రోగ్రాం నాదానికంటే బాగుందా లేదా అన్న ప్రశ్న ఈ వేలంలో ఎక్కడా రాదు. ఒకసారి కొంటే శాశ్వతంగా వాడుకునే లైసెన్సు అమ్మడమే, అంటే కొనేవారికి మేలు చేసే ధర పద్ధతే, నన్ను వేలంలో బలహీనుణ్ణి చేసింది. ఈ సంగతి అర్థమైన రోజు నాకు నిజంగా బాధ కలిగింది.

పెట్టుబడిదారుల సొమ్ముతో నడిచే సంస్థ ఎదురైతే పరిస్థితి ఇంకా కష్టం. ఖాతాదారుల సంఖ్య పెరిగితే చాలు, లాభం తర్వాత చూసుకోవచ్చన్న ఆలోచనతో ఆ సంస్థ తన సొంత గరిష్ఠ ధరకు పైన కూడా ఏళ్ళ తరబడి పాడగలదు. ఆ సొమ్ము అయిపోయి సంస్థ మూతపడితే మరుసటి ఏడాది మరొకటి వస్తుంది. సొంత మిగులుతో బతికే మనకు ఆ ఆట ఆడే వీలు లేదు.

మూడో రకం పోటీదారు గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే కొత్తగా ఈ రంగంలోకి వచ్చేవారికి ఇది కనిపించదు. సాఫ్ట్‌వేర్‌లను పోల్చి జాబితాలు ప్రచురించే సైట్లు ఉన్నాయి. "ఉత్తమ లేబుల్ సాఫ్ట్‌వేర్" వంటి మాటలను అవే వేలంలో కొంటాయి. నొక్కి వచ్చిన మనిషికి పది ప్రోగ్రాముల జాబితా చూపిస్తాయి. ఆ జాబితాలో పై వరుసలో కనిపించాలంటే ఆ సైటుకు మళ్ళీ క్లిక్కుకు ఇంత అని మనం చెల్లించాలి. అంటే మనకు నేరుగా రాగలిగిన మనిషిని మధ్యలో ఒకరు కొని, కొంత లాభం కలుపుకొని మనకే తిరిగి అమ్ముతున్నారు. ఆ మనిషి కోసం వేలంలో ధర పెంచింది కూడా వాళ్ళే. లేబుల్ ప్రింటర్లు, కాగితం రోళ్ళు అమ్మేవారు కూడా ఇవే మాటల కోసం పాడతారు. ఒక ప్రింటర్ అమ్మితే ఏళ్ళపాటు రోళ్ళు అమ్ముడవుతాయి కాబట్టి వారి స్తోమత కూడా మనకంటే ఎక్కువే.

వేలంలో గెలిచినవారు తాము పాడిన మొత్తం చెల్లించనక్కరలేదు, తమ కింది వరుసవారిని దాటడానికి చాలినంత చెల్లిస్తే సరిపోతుందన్న నియమం ఈ సేవల్లో చాలాకాలం ప్రధానంగా నడిచింది. వినడానికి ఇది చిన్నవారికి రక్షణలా ఉంటుంది. కింది వరుసలో మనలాంటివారే ఉన్నంతకాలం అది నిజం కూడా. కింద కూడా పెద్ద సంస్థలే నిలిచాక ఆ నియమం వల్ల మనకు దక్కేది పెద్దగా ఏమీ లేదు. దీనికి తోడు ప్రకటన స్థానాన్ని పాట ఒక్కటే నిర్ణయించదు. ఆ ప్రకటనను ఎంతమంది నొక్కవచ్చన్న అంచనాను, ప్రకటన ఆ వెతుకులాటకు ఎంత దగ్గరగా ఉందన్నదాన్ని కూడా కలుపుతారు. గూగుల్ 2005లో క్వాలిటీ స్కోర్ పేరుతో దీనికి రూపం ఇచ్చింది. చూసేవారికి ఇది మేలే, పనికిరాని ప్రకటనలు కిందికి పోతాయి. అయితే జనం ఇప్పటికే పేరు విన్న సంస్థనే ఎక్కువగా నొక్కుతారు కాబట్టి పెద్ద పేరున్నవారికి అదే స్థానం తక్కువ ధరకు దొరుకుతుంది, పేరు లేనివారికి ఎక్కువ పడుతుంది.

ధరలు పెరగడం కేవలం మన ఊహ కాదని బహిరంగంగా తేలిన సంగతి కూడా ఒకటి ఉంది. అమెరికా ప్రభుత్వం గూగుల్ మీద వేసిన గుత్తాధిపత్య కేసులో, ఆ సంస్థ ప్రకటనల విభాగం అధికారి జెర్రీ డిష్లర్ 2023 సెప్టెంబరులో సాక్ష్యమిస్తూ, వేలం అమరికలను సవరించి ధరలను 5 శాతం దాకా, కొన్ని సందర్భాల్లో 10 శాతం దాకా పెంచి ఉండవచ్చని చెప్పారు. 2024 ఆగస్టులో న్యాయమూర్తి అమిత్ మెహతా ఇచ్చిన తీర్పు, టెక్స్ట్ ప్రకటనలకు ఆ సంస్థ పోటీ భయం లేకుండా అధిక ధరలు వసూలు చేయగలిగిందని పేర్కొంది. 5 శాతం అంటే పెద్ద సంస్థకు పద్దు పుస్తకంలో ఒక అడ్డగీత. మిగులు 17.50 దగ్గర ఉన్న పై లెక్కలో క్లిక్కు ధర 5 శాతం పెరిగితే 3 పైగా పోతుంది, అంటే లాభంలో దాదాపు ఐదో వంతు.

తెర కూడా మారిపోయింది. 2016 ఫిబ్రవరిలో గూగుల్ డెస్క్‌టాప్ ఫలితాల కుడిపక్కన ఉండే టెక్స్ట్ ప్రకటనలను తీసేసి, పైన నాలుగు దాకా చూపించడం మొదలుపెట్టింది. కుడిపక్క ఐదో, ఆరో స్థానంలో తక్కువ ధరకు కూర్చుని, ఓపికగా కిందిదాకా చదివేవారి కోసం ఎదురుచూడటం మాలాంటివారికి బాగా సరిపోయేది. ఆ చోటే లేకుండా పోయింది. పైన నాలుగులో లేకపోతే పుట అడుగున ఉండాలి, అక్కడిదాకా వెళ్ళేవారు తక్కువ. ఇప్పుడు ఫలితాల పైన కృత్రిమ మేధ రాసిన సారాంశం కూడా వస్తోంది. "లేబుల్ కొలతలు ఎలా సరిచేయాలి" అని వెతికినవారికి జవాబు అక్కడే దొరికితే, ఏ సైటుకూ వెళ్ళనక్కరలేదు.

ఈ సేవలో నన్ను అన్నిటికంటే ఎక్కువ నిరాశపరిచింది కీవర్డుల విషయం, అంటే ఏ మాటలు వెతికినప్పుడు ప్రకటన కనిపించాలో మనం ఇచ్చే జాబితా. మొదట్లో "కచ్చితమైన సరిపోలిక" అని ఎంచుకుంటే, నేను రాసిన మాటలే టైపు చేసినవారికి ప్రకటన కనిపించేది. ఆ నియమం మెట్టు మెట్టుగా సడలింది. గూగుల్ 2014లో ఏకవచన బహువచనాలను, అక్షరదోషాలను తప్పనిసరిగా కలిపింది; 2017లో మాటల వరుస మారినా సరేనంది; 2018లో అర్థం దగ్గరగా ఉంటే చాలంది. ఈ సడలింపులు పరిశ్రమ అంతటికీ ఆనవాయితీ అయ్యాయి. ఫలితం ఏమిటో నా రిపోర్టులో ఒక ఉదయం కనిపించిన వరుసలు చెప్తాయి. నేను డబ్బు పెట్టింది "బార్‌కోడ్ లేబుల్ సాఫ్ట్‌వేర్" అన్న మాటలకు. నొక్కి వచ్చినవారు వెతికినవి: బార్‌కోడ్ లేబుల్ ప్రింటర్, లేబుల్ రోళ్ళు, ఉచిత బార్‌కోడ్ మేకర్, బార్‌కోడ్ స్కానర్ యాప్, లేబుల్ ప్రింటర్ డ్రైవర్ డౌన్‌లోడ్. డ్రైవర్ కోసం వెతికే మనిషికి అప్పటికే ప్రింటర్ ఉంది, అది పనిచేయడం లేదు, కోపంగా ఉన్నారు, ఏమీ కొనే ఆలోచనలో లేరు. వారు నా ప్రకటన నొక్కి, మూడు సెకన్లలో వెనక్కి వెళ్ళారు. ఆ మూడు సెకన్లకు నేను పూర్తి ధర కట్టాను.

దీనికి విరుగుడు నెగటివ్ కీవర్డులు, అంటే ఈ మాటలుంటే ప్రకటన చూపవద్దని మనం ఇచ్చే జాబితా. ఇక్కడే ఒక అసమానత ఉంది. మనం కోరుకున్న మాటను సేవ అర్థం ప్రకారం సాగదీస్తుంది. మనం వద్దన్న మాటను మాత్రం అక్షరాలా తీసుకుంటుంది. "ప్రింటర్" వద్దంటే "ప్రింటర్లు" ఆగదు, దాన్ని విడిగా రాయాలి. దానికి సమానార్థక పదాలన్నిటినీ కూడా విడివిడిగా రాయాలి. నా జాబితా వెయ్యి వరుసలు దాటింది. 2020 సెప్టెంబరు నుంచి గూగుల్ తన రిపోర్టులో చెప్పుకోదగినంత మంది వెతికిన మాటలనే చూపిస్తానని ప్రకటించింది. అరుదుగా వచ్చే వెతుకులాటలు కనిపించవు. చిన్న వ్యాపారానికి వచ్చే క్లిక్కుల్లో అలాంటి అరుదైనవి చాలా ఉండవచ్చు. కనిపించని మాటను ఏ జాబితాలో రాసి ఆపగలం?

ఖాతా తెరిచినప్పుడు మనం ఏమీ మార్చకుండా ఉంచేసే అమరికలు మరో చిల్లు. నేను వాడిన సేవల్లో ఒకదానిలో, సెర్చ్ ప్రకటన పెట్టేటప్పుడు ఇతర సైట్లలో, యాప్‌లలో కూడా చూపించాలన్న గడిలో ముందే టిక్కు పెట్టి ఉంది. దాన్ని గమనించకుండా వదిలేసిన నెలలో ప్రకటనలు ఎక్కడ కనిపించాయో చూస్తే టార్చ్ యాప్‌లు, పిల్లలు బొమ్మలకు రంగులు వేసే ఆటలు వరుసగా ఉన్నాయి. బార్‌కోడ్ లేబుళ్ళ ప్రకటనను రంగుల ఆటలో ఎవరు నొక్కి ఉంటారో ఊహించడం కష్టం కాదు. రోజువారీ బడ్జెట్ అన్న మాట కూడా జాగ్రత్తగా చదవాలి: 2017 అక్టోబరు నుంచి గూగుల్ ఒక రోజున ఆ మొత్తానికి రెట్టింపు దాకా ఖర్చు చేసి నెల మొత్తంలో సర్దుతుంది. నెల హద్దు దాటదు కాబట్టి ఇది మోసమేమీ కాదు, కానీ చేతిలో కొద్దిపాటి నగదుతో నడిచేవారికి వారం మధ్యలో కంగారు పెడుతుంది.

నేను వాడిన సేవల్లో ఒకదాని ప్రతినిధి మూడు నెలలకోసారి ఫోను చేసేవారు. మాట మర్యాదగానే ఉండేది. ప్రతిసారీ వచ్చే సలహాలు మాత్రం మూడే: బడ్జెట్ పెంచండి, కీవర్డులను విశాలం చేయండి, వేలంలో ఎంత పాడాలో యంత్రానికి వదిలేయండి. నా మిగులు ఎంతో, ఒక అమ్మకం మీద నేను ఎంతదాకా భరించగలనో వారు ఒక్కసారి కూడా అడగలేదు. డాష్‌బోర్డులో, అంటే ఖాతా లెక్కలు చూపే తెరలో, నా ఖాతాకు ఒక స్కోరు కనిపిస్తుంది. సూచనలను ఒప్పుకున్నా, ఇది నాకు వద్దని కొట్టివేసినా ఆ స్కోరు పెరుగుతుంది. అంటే ఆ అంకెకు నా లాభంతో సంబంధం లేదు.

పాటను యంత్రానికి వదిలేయడం గురించి న్యాయంగా మాట్లాడాలి. రోజుకు వందల అమ్మకాలు జరిగే వ్యాపారంలో ఆ పద్ధతి మనిషికంటే బాగా పనిచేస్తుందనడంలో నాకు సందేహం లేదు. నెలకు ఎనిమిదో పదో అమ్మకాలు ప్రకటనల ద్వారా వచ్చే నాలాంటివారి ఖాతాలో నేర్చుకోవడానికి దానికి తగినంత సమాచారం ఉండదు. ఒక వారంలో అనుకోకుండా రెండు అమ్మకాలు ఒకే నగరం నుంచి వస్తే అది ఆ నగరం మీద డబ్బు కుమ్మరిస్తుంది. అమ్మకాలు చాలక, ట్రయల్ డౌన్‌లోడ్‌నే విజయంగా లెక్కించమని చెప్పి చూశాను. డౌన్‌లోడ్లు బాగా పెరిగాయి, అమ్మకాలు పెరగలేదు. డౌన్‌లోడ్ చేసుకునే అలవాటున్నవారిని అది వెతికి తెచ్చింది, కొనే అలవాటున్నవారిని కాదు. మనం అడిగిందే అది ఇచ్చింది.

ఇప్పుడు చాలామంది పట్టించుకోని ఒక లెక్క. డాష్‌బోర్డు ఎప్పుడూ సగటు చూపిస్తుంది. మొదటి 100 ఖర్చుకు మూడు అమ్మకాలు వచ్చాయనుకోండి. ఒక్కో అమ్మకం మీద 80 చొప్పున 240, ఖర్చు పోను 140 మిగులు. బడ్జెట్‌ను 200 చేశాం, మొత్తం నాలుగు అమ్మకాలు వచ్చాయి. సగటున ఒక అమ్మకానికి 50 ఖర్చయింది, మన హద్దు 80 కాబట్టి అంతా బాగుందనిపిస్తుంది. కానీ 320లోంచి 200 తీస్తే మిగులు 120. రెండో 100 ఒకే ఒక్క అమ్మకాన్ని తెచ్చింది, ఆ అమ్మకం మీద 20 నష్టపోయాం. అమ్మకాలు పెరిగాయి, సగటు హద్దులోనే ఉంది, లాభం తగ్గింది. నేను రెండేళ్ళపాటు ఇదే స్థితిలో ఉండి, ఎదుగుతున్నానని అనుకున్నాను. చివరగా కలిపిన సొమ్ము ఏం తెచ్చిందో విడిగా చూడటం ఒక్కటే ఈ సేవ వాడే ప్రతి ఒక్కరికీ నేను గట్టిగా ఇచ్చే సలహా.

ఏ అమ్మకం ఏ ప్రకటన వల్ల వచ్చిందో చెప్పడం కూడా కష్టమైపోతోంది. సాఫ్ట్‌వేర్ కొనుగోలు ఒక్క పూటలో జరగదు. ఒకరు ఫోనులో ప్రకటన నొక్కుతారు, మర్నాడు ఆఫీసు కంప్యూటర్‌లో మా పేరు టైపు చేసి ట్రయల్ తీసుకుంటారు, 30 రోజులు వాడాక లైసెన్సు కొనేది వారి సంస్థ లెక్కలు చూసే మరొకరు. ఈ గొలుసులో ప్రతి లంకె దగ్గరా జాడ తెగిపోతుంది. ఆపిల్ 2017లో తన సఫారీ బ్రౌజరులో జాడ పట్టే కుకీలకు (సైట్లు మన కంప్యూటర్‌లో దాచే చిన్న గుర్తులకు) కళ్ళెం వేసింది, 2018 మేలో ఐరోపా సమాచార రక్షణ చట్టం అమల్లోకి వచ్చింది, 2021 ఏప్రిల్‌లో ఐఫోన్ యాప్‌లు జాడ పట్టే ముందు వాడుకరి అనుమతి అడగాలన్న నియమం వచ్చింది. వాడుకరుల గోప్యత కోసం ఇవన్నీ అవసరమే, నేను వాటిని సమర్థిస్తాను. అనుమతి నియమం వల్ల 2022లో తమకు సుమారు 1,000 కోట్ల డాలర్ల నష్టం ఉండవచ్చని ఫేస్‌బుక్‌ను నడిపే మెటా సంస్థే అంచనా వేసింది. అంత సమాచారం ఉన్న సంస్థకే గురి తప్పిందంటే, వారి వద్ద ప్రకటనలు కొనే చిన్నవారికి క్లిక్కుల నాణ్యత ఏమవుతుందో ఆలోచించవచ్చు. సామాజిక మాధ్యమాల ప్రకటనలను నేను రెండుసార్లు ప్రయత్నించి వదిలేశాను. కబుర్ల కోసం వచ్చినవారికి లేబుల్ సాఫ్ట్‌వేర్ అవసరం ఆ క్షణంలో ఉండదు.

మరోవైపు, జాడ దొరికిన అమ్మకాలన్నీ ప్రకటన వల్లే వచ్చాయనుకోవడం కూడా పొరపాటు. ఆన్‌లైన్ అంగడి నడిపే ఈబే సంస్థ 2012లో తన పేరుతో వెతికేవారికి చూపే ప్రకటనలను కొన్ని సెర్చ్ ఇంజన్లలో ఆపి చూసింది. బ్లేక్, నోస్కో, టడేలిస్ అనే ఆర్థికవేత్తలు 2015లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, ఆ ప్రకటనల ద్వారా వచ్చేవారిలో 99.5 శాతం మంది మామూలు ఫలితాల ద్వారా ఎలాగూ వచ్చేశారు. తెలిసిన పేరున్న సంస్థకు వచ్చిన ఫలితం ఇది. సంస్థకు కొత్తవారి మీద, అక్కడ అరుదుగా కొనేవారి మీద ప్రకటన ప్రభావం ఉంటుందని కూడా అదే పరిశోధన చూపింది. నేను మా సాఫ్ట్‌వేర్ పేరు మీద పెట్టిన ప్రకటనను ఆరు వారాలు ఆపాను. అమ్మకాల్లో తేడా కనిపించలేదు. అన్నేళ్ళుగా డాష్‌బోర్డులో అన్నిటికంటే లాభదాయకంగా కనిపించిన కీవర్డు మా సొంత పేరే. ఎలాగూ మా గుమ్మం ముందు నిలబడినవారిని లోపలికి పంపినందుకు కట్టిన సొమ్ము అది.

ఆ తర్వాత ఒక నెలపాటు ప్రకటనలన్నీ ఆపేశాను. అమ్మకాలు తగ్గాయి, కానీ ప్రకటనల వల్ల వచ్చాయని సేవ చెప్పుకున్న సంఖ్యలో సుమారు సగమే తగ్గాయి. ఒక్క నెల, కొద్దిపాటి అమ్మకాలు; దీన్ని నేను రుజువుగా చూపించను. నా నిర్ణయానికి మాత్రం అది చాలింది, ఎందుకంటే డాష్‌బోర్డు లెక్కలో 17.50 మిగులు చూపే వ్యాపారం, అమ్మకాల్లో సగమే నిజంగా ప్రకటనలవైతే, నష్టంలో ఉన్నట్టే.

ఇంత చెప్పాక కూడా ఈ సేవను పూర్తిగా వదిలేయమని నేను అనను. అమ్మకానికి మిగులు ఎక్కువగా ఉండే సాఫ్ట్‌వేర్‌లకు, ఏటా రుసుము చెల్లించే సంస్థలకు అమ్మేవారికి, పెద్దవారి కన్ను పడని చాలా ఇరుకైన అవసరం తీర్చేవారికి ఇది ఇప్పటికీ లాభమే. కొత్తవారికి మరో పెద్ద ప్రయోజనం ఉంది. నేను మా ప్రోగ్రాంను "లేబుల్ డిజైనర్" అని పిలుచుకునేవాణ్ణి. వెతికేవారు "స్టిక్కర్ల మీద బార్‌కోడ్ వేయడం" అని రాస్తున్నారని ప్రకటనల రిపోర్టు చూసే వరకు నాకు తెలియలేదు. మా సైటు మొదటి పుటను ఆ మాటలతో తిరగరాశాను. ఆ ఒక్క పాఠంతోనే మొదటి ఏడాది ఖర్చు మొత్తం తిరిగి వచ్చేసిందని నమ్ముతాను. అయిదుకు మార్కులు వేయమంటే, మొదటి ఏడాది వాడేవారికి నాలుగు, స్థిరపడిన చిన్న సాఫ్ట్‌వేర్ వ్యాపారానికి రెండు వేస్తాను.

ప్రస్తుతం నా ఖాతాలో ఒకే ఒక ప్రచారం నడుస్తోంది. అందులో పదకొండు కీవర్డులు ఉన్నాయి. ఇతర సైట్లలో, యాప్‌లలో చూపించడం ఆపాను, నేను ఎంచుకున్న ప్రాంతంలో నిజంగా ఉన్నవారికే చూపించమన్నాను, సూచనలు వాటంతట అవే అమలయ్యే వీలు తీసేశాను, పాట నేనే నిర్ణయిస్తాను. మిగిలిన సొమ్ముతో సహాయ పుటలు రాయిస్తున్నాం. ముద్రించినప్పుడు లేబుల్ రెండు మిల్లీమీటర్లు పక్కకు జరిగితే ఏం చేయాలన్న పుట ఒకటి ఉంది. ప్రింటర్ సెట్టింగుల తెరలను ఒక్కొక్కటిగా చూపిస్తూ రాసినది, మా ప్రోగ్రాం కొననివారికి కూడా పనికొచ్చేది. ఒకసారి రాసిన ఆ పుటకు వచ్చే ప్రతి మనిషికీ వేలంలో మళ్ళీ ధర కట్టనక్కరలేదు. దాని ద్వారా నెలకు మూడు నాలుగు లైసెన్సులు అమ్ముడవుతున్నాయి.

ప్రతి నెల మొదటి సోమవారం ఆ పదకొండు కీవర్డుల వరుసలు తెరిచి, గత 90 రోజుల్లో ఒక్కోదానికి క్లిక్కు ఎంత పడింది, లైసెన్సులు ఎన్ని అమ్ముడయ్యాయి అని కాగితం మీద రాసుకుంటాను. ఈ నెల రెండు పదాల క్లిక్కు ధర 0.80 దాటింది. ఆ రెండింటినీ తీసేశాను.